రూతు ఎర్ర పరికిణీ

ఇవాళ పొద్దున్న మునిసిపాలిటీ మనిషి రాజమండ్రిలో మా వీధిలో మురుగుకాలవ పొడుగునా బ్లీచింగు పొడి చల్లి వెళ్ళాడు. ఆ ఘాటు ముక్కుకి తగలగానే బళ్ళో పాఠాలు చెప్పడానికి బయలుదేరినదాన్ని గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

నా చిన్నప్పుడు రామచంద్రపురం దగ్గర మిషను ఆస్పత్రిలో నాన్నగారు కాంపౌండరు. కాకినాడ నుంచి పడవలో రావలసిన పొడి వానాకాలంలో ఆలస్యమైతే, ఆస్పత్రి వెనక పాకలో ఆయనే తయారుచేసేవారు. గాజుబుడ్డిలో ఉప్పూ, మాంగనీసు నల్లరాతి పొడీ వేసి ఆమ్లం పోసి సన్నటి సెగ మీద పెడితే ఆకుపచ్చా పసుపూ కాని రంగులో వాయువు లేచేది. దాన్ని గొట్టం గుండా, తడిపి విరిచిన గుల్లసున్నం పలచగా పరిచిన చెక్కపెట్టెలోకి పంపితే, సున్నం దాన్ని నెమ్మదిగా తాగేది. నేనూ, నాలుగేళ్ళ మా చెల్లెలు రూతూ దూరంగా అరుగుమీద తాటిపండు చీకుతూ చూసేవాళ్ళం. గాలి తగిలితే పొడి చచ్చిపోతుందని, నాన్నగారు జాడీ మూతికి మైనం పూసేవారు.

ఆ యేడు కాలవ వెంట కలరా వచ్చింది. పొద్దున్న వాంతులు మొదలైన రూతు సాయంత్రానికి లేదు.

దాని బట్టలన్నీ తగలబెట్టారు. క్రిస్మసుకి కుట్టిన చిరివేరు రంగు ఎర్ర పరికిణీ ఒక్కటీ అమ్మ బియ్యపు కుండ వెనక దాచింది. నాన్నగారికి మూడోనాడు దొరికింది. అమ్మ కాళ్ళు పట్టుకుంటే, కాల్చకుండా పొడి కలిపిన నీళ్ళలో నానబెట్టారు. రంగు అలాగే ఉంది. పులుపు తగిలితేగాని ఆ పొడి పూర్తిగా పనిచెయ్యదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన నిమ్మకాయ కోశారు.

"పులుపు పిండకండి. రంగు పోద్ది," అంది అమ్మ.

నాన్నగారు గుమ్మంలో నిలబడ్డ నాకేసి చూశారు.

"పెద్దదైనా మిగలాలి కదే," అని పిండేశారు.

నీళ్ళు నురగలెత్తాయి. చూస్తుండగానే ఎరుపు నారింజైంది, గంధమైంది, తెల్లబడిపోయింది. పిండి ఆరేసిన గుడ్డని అమ్మ చాలాసేపు తిప్పి తిప్పి చూసి, మడిచి ఆయన చేతికిచ్చేసింది.

"ఇది మా రూతుది కాదండి."

ఆ తర్వాత ఆయన పేటంతా తిరిగి ఇంటింటికీ ఆ పొడే పంచారు. చాలామంది బతికారు. నేనూ బతికాను. అమ్మా నాన్నగారూ మాత్రం రూతు పేరు మళ్ళీ ఒకరి దగ్గరొకరు ఎత్తలేదు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. అది నన్ను అక్కా అనేదో, అప్పా అనేదో ఎంత ఆలోచించినా గుర్తురావడం లేదు. అడగడానికి ఎవరూ మిగల్లేదు.