ఎడమ కిటికీలోంచి ఊపిన చెయ్యి

మా చిన్నల్లుడు మురళి సైకిలు మీద ఆఫీసుకు వెళ్తున్నాడని తెలిసిన రోజు నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయని లోకమంతా గాభరా పడుతున్న రోజులవి. ఆ గాభరా పుణ్యమా అని అతనికి కాన్‌బెర్రాలో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. ఉన్న ఒక్క కారూ మా చిన్నమ్మాయి లలిత పట్టుకెళ్తుంది. అతను ఊరి శివారు గంగాలిన్ నుంచి ఊళ్ళోకి సైకిలు తొక్కుతాడు. నేనప్పుడు సిడ్నీ పక్కన పెండిల్ హిల్‌లో, పెద్దమ్మాయి ఇంట్లో ఉన్నాను. "ఇక్కడ పొద్దున పూట పొగమంచమ్మా, పక్కింటి గోడ కూడా కనిపించదు" అని లలిత ఫోనులో మామూలుగానే అంది. నాకు మాత్రం అన్నం సహించలేదు. అయిదో తరగతితో చదువాగిపోయినదాన్ని, ఫోనులో వాదించి గెలవలేను. ఎదురుగా కూర్చుని ఏడిస్తే వింటారు కదా, ఎలాగైనా ఆ సైకిలు మాన్పించాలని బయల్దేరాను.

బస్సులూ ఉన్నాయి, కానీ పెట్టెలతో మారడం నావల్ల కాదు. పెండిల్ హిల్ కొట్ల నుంచి వారానికోసారి కాన్‌బెర్రాకు పప్పులూ పచ్చళ్ళూ తీసుకెళ్ళే వ్యానుంది. పెట్రోలు కింద ముప్పై డాలర్లిస్తే ముందు సీట్లో కూర్చోబెట్టుకుంటారు. అది అప్పటి మాట, ఇప్పుడెంతో కనుక్కోండి. డ్రైవరు పేరు అప్పలసామి, ఫిజీ తెలుగువాడు, ఎప్పుడో చెరకు తోటల కూలికి ఆ దీవులకు వెళ్ళినవాళ్ళ మనవడు. అక్కడ గొడవలయ్యాక ఇక్కడికి వచ్చేశాడట. ఇండియా మొహమే చూడలేదు. కానీ నోరు తెరిచాడంటే, చనిపోయి నలభై ఏళ్ళయిన మా బొబ్బిలి నాయనమ్మ మాట్లాడుతున్నట్టే ఉంది.

"ఏటమ్మా, సలేస్తందా? దుప్పటి కప్పీసుకో. కాళ్ళకాడ పసుపు బస్తా ఉంది, తన్నీకు" అన్నాడు.

ఇంకా వెలుగు రాని దారిలో ఆ గొంతు వింటుంటే నా ఒళ్ళు జలదరించింది. మా నాయనమ్మ మాటల్ని సముద్రం అవతల ఎవరు దాచిపెట్టి ఇతని నోట్లో పెట్టారు?

పొద్దున అయిదింటికి బయల్దేరాం. హ్యూమ్ హైవే ఎక్కాక దారి నునుపుగా సాగింది. రెండు గంటలు దాటాక గౌల్‌బర్న్‌లో ఆగాం. మంచులోంచి ఒక్కసారిగా మూడంతస్తుల గొర్రెపోతు మా మీదికి వంగి కనిపించింది. నేను "నరసింహా!" అని కేకేశాను.

"సిమెంటు గొర్రమ్మా! కడుపులో కొట్టుంది, ఉన్ని బట్టలమ్ముతారు" అని అతను పడీపడీ నవ్వాడు. ఫ్లాస్కులో టీ తాగి, పులిహోర తిన్నాం. అక్కడ మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి, ఆడవాళ్ళు అక్కడే పని కానిచ్చుకోండి.

అక్కడి నుంచి ఫెడరల్ హైవే పట్టుకుంటే ఎడంపక్కన లేక్ జార్జ్ వస్తుంది. చెరువని పేరే గానీ నీళ్ళు కనిపించలేదు. కంచె గుంజలు వరసగా నడిచి వెళ్ళి మంచులో మాయమయ్యాయి. "ఈ సెరువు కొన్నేళ్ళుంటాది, కొన్నేళ్ళు పోతాది. ఏటికో ఎవులికీ తెల్దు" అన్నాడు అప్పలసామి. మనసులో మురళి ఒక్కడే సైకిలు తొక్కుతున్నాడు, ముందూ వెనకా తెల్లగా, ఏమీ లేకుండా.

ఇక్కడొక సంగతి చెప్పాలి. వ్యాను వెనకంతా అట్టపెట్టెలే, ఎడమ అద్దం మంచుపట్టి మసకేసింది. మలుపు వచ్చినప్పుడల్లా అతను "ఎడమేపు ఎవులైనా ఉన్నారేటమ్మా?" అని అడిగేవాడు. నాకది కొత్త కాదు. మా ఆయన లారీ నడిపేవాడు. క్లీనరు రాని రోజున నేనే ఎడమ సీట్లో కూర్చుని, పక్కన సైకిలు వస్తే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపేదాన్ని. మా లారీ మళ్ళుతోంది, ఆగు అని దానర్థం. సైకిలువాడు ఆగేవాడు. నేను "పోనీ" అంటే మా ఆయన చక్రం తిప్పేవాడు, తల తిప్పేవాడు కాదు.

ఊళ్ళోకి వెళ్ళకముందే హైవే దిగి గంగాలిన్ దారి పట్టేసరికి ఎనిమిదిన్నర దాటింది. అన్నీ కొత్త రోడ్లు, చాలావాటి పక్కన ఇంకా ఇళ్ళే లేవు. ఎక్కడా ఒక్క హారను మోత లేదు. మన ఊళ్ళలో కళ్ళు మూసుకున్నా చెవులకు దారి తెలుస్తుంది. ఇక్కడ కూడలి దగ్గర బళ్ళు ఊపిరి బిగబట్టినట్టు ఆగి, సద్దు లేకుండా కదిలిపోతాయి. లలిత ఇంటికి ఎడమవైపు తిరిగే కూడలిలో ఆగాం. స్తంభానికి ఆనుకుని ఒక సైకిలు నిలబడి ఉంది. మనిషి లేడు. చక్రాలకు గాలి లేదు. గొలుసంతా తుప్పు. హ్యాండిలుకు మాత్రం తాజా పూలు కట్టి ఉన్నాయి.

"ఎవరిది బాబూ అది?"

"పోయినోళ్ళదమ్మా. ఎవులైనా రోడ్డు మీద పోతే ఇక్కడోళ్ళు ఇలాగ గురుతు పెడతారు. సూడకు."

చూడకూడదనే తల తిప్పి అద్దంలోకి చూశాను. మసకలో తెల్లటి దీపం ఒకటి చప్పుడు లేకుండా మావైపు వస్తోంది. దాని వెనక మనిషి ఉన్నట్టే లేదు. అంతలోనే, సైకిలు, సైకిలు అని మనసు చెప్పింది. అలవాటు కొద్దీ కిటికీ దింపి చెయ్యి బయటపెట్టి గబగబా ఊపాను. ఆగమన్నాను కదా, ఆగుతుంది. "పోనీ బాబూ" అన్నాను.

అతను తల తిప్పలేదు. చక్రం తిప్పాడు.

దీపం ఆగలేదు. నా చేతి కిందనుంచే దూసుకొచ్చింది. నేను అరిచాను, బ్రేకు కీచుమంది, పసుపు బస్తా నా కాళ్ళమీద పడింది. తలుపు మీద ఏదో గీసుకుపోయిన చప్పుడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

మేం దిగేసరికి సైకిలు మీదావిడ రోడ్డు మీద ఒక కాలు ఆన్చి నిలబడి ఉంది. నా వయసుదే, హెల్మెట్టు కింద తెల్లజుట్టు, పసుపుపచ్చ కోటు. దెబ్బ తగల్లేదు. సైకిలు బుట్టలో పూలు చెదిరిపోయాయి. ఆమె నా చేతివైపే చూస్తూ నెమ్మదిగా ఏదో అంది.

"నువ్వు రమ్మన్నావని వొచ్చిందంట" అన్నాడు అప్పలసామి.

"ఆగమన్నాను నాయనా! ఆగమనే ఊపాను!"

అతను ఆమెకు ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. స్తంభం దగ్గరున్న తుప్పు సైకిలును చూపించి చాలాసేపు మాట్లాడింది. అప్పలసామి టోపీ తీసి, ముక్క ముక్కగా నాకు చెప్పాడు.

"అది ఈవిడ పెనిమిటిదంటమ్మా. ఇక్కడే ఒక కారోడు మంచోడే, నువ్వు పోవయ్యా అని సెయ్యి ఊపినాడంట. ఈయన నమ్మి కదిలినాడు. ఆ పక్క బండోడికి ఆ సెయ్యి కనిపించలేదు." వ్యాను మూలనున్న దీపం చూపించి, "మన ఎడమ దీపం ఎలిగి ఆరతంటే సూసినాదంట. దీపం సూసి కూడా సెయ్యే నమ్మినాను, అది నా తప్పు అంతంది. నానైతే నీ మాట నమ్మి తల తిప్పలేదు, అది నా తప్పు" అన్నాడు.

నా తప్పు నన్నెవరూ అడగలేదు. ఆమె చేతులు పట్టుకున్నాను, మంచుకంటే చల్లగా ఉన్నాయి. పూలేరి ఇచ్చాను. ఆమె వాటిని హ్యాండిలుకు కట్టి, తన సైకిలెక్కి మంచులోకి వెళ్ళిపోయింది. దీపం ముందు మాయమైంది, మనిషి తర్వాత.

లలిత ఇంటి దగ్గర నన్ను దింపి అప్పలసామి సరుకులతో వెళ్ళిపోయాడు. మురళి సైకిలు షెడ్డులో లేదు. నాకోసం సెలవు పెట్టిన లలిత అతని ఆఫీసుకు ఫోను చేసి "క్షేమంగా చేరాడమ్మా, నీ గోల!" అనేదాకా నేను చెప్పులు విప్పలేదు.

సాయంత్రం అతను రాగానే ఏడవాలనుకున్నదాన్ని, కుర్చీలో కూర్చుని ఎడమ చెయ్యి బయటికి చాపి ఊపాను.

"బాబూ, మలుపు దగ్గర కారులోంచి ఎవరైనా ఇలా అంటే ఏం చేస్తావు?"

"వెళ్ళిపోతాను అత్తయ్యగారూ. థాంక్స్ చెప్పి మరీ" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. పొద్దున జరిగిందంతా చెప్పాను. అతని నవ్వు మెల్లగా ఆరిపోయింది. "ఆ పూల సైకిలు రోజూ చూస్తాను" అన్నాడు. సైకిలు మానేస్తానని అనలేదు, నేనూ అడగలేదు. చెయ్యి చూసి కదలనని, మళ్ళే బండి పక్కకు దూరనని, డ్రైవరు కళ్ళు తనమీద పడేదాకా కాలు నేలమీదే ఉంచుతానని నా చేతిలో చెయ్యేసి చెప్పాడు.

అతని కాంట్రాక్టు ముగిసేదాకా ప్రతి పొద్దునా నేను గుమ్మంలో నిలబడ్డాను. మంచులోకి వెళ్తూ అతను వెనక్కి తిరిగి చెయ్యి ఊపేవాడు. నేను మాత్రం ఊపలేదు, రెండు చేతులూ కొంగులో చుట్టుకునేదాన్ని. ఆమె చేతుల చలి ఇప్పటికీ నా వేళ్ళలో ఉంది. కూడలిలో ఎవరి దారి వాళ్ళది అనుకుంటాం గానీ, సైకిలు మీది ప్రాణం సగం తన చేతిలో, సగం బండివాడి చేతిలో ఉంటుంది. మధ్యలో మంచి మనసుతో ఊపే మూడో చెయ్యి ఆ రెండింటినీ విడదీస్తుంది. చలికాలంలో ఆ దారిన వెళ్ళేవాళ్ళు మంచు విడిచేదాకా, పదింటి వరకూ, గౌల్‌బర్న్‌లోనే ఆగండి. తప్పదనుకుంటే, ఎడమ సీట్లో కూర్చున్నవాళ్ళు "ఆగు" అని ఎన్నిసార్లయినా అనండి. "పోనీ" అని మాత్రం అనకండి.