రేకు రాలని జెరేనియం

సౌదీలోని అభా కొండ మీది ఒక బంగళాలో చెంచయ్య తోటమాలి. అతని భార్య గురవమ్మకు అదే ఇంట్లో పని. అక్కడి చల్లదనానికి జెరేనియం విరగబూస్తుంది గానీ, కాస్త గాలి వీస్తే చాలు, రేకులన్నీ నేల మీదే. రాలని పువ్వును పుట్టించాలని చెంచయ్య పట్టుదల. ఒక మొక్క పుప్పొడి మరో మొక్క పువ్వుకు అద్ది, కాసిన గింజలు మొలిపిస్తూ, పనికిరానివి పీకేస్తూ ఏళ్లు గడిపాడు. ఈసారి ఒక మొక్క ఎర్రజామ గుజ్జు రంగులో తొలి గుత్తి వేసింది. రేకులు నిలిస్తే ఉంచుతాడు, లేకుంటే దాన్నీ పీకేస్తాడు.

మధ్యాహ్నం వచ్చి చూస్తే కుండీలో గుత్తి లేదు. వంటింటి వెనక గురవమ్మ తలగుడ్డ విప్పి చెమట తుడుచుకుంటోంది. గుత్తి ఆమె కొప్పులో ఉంది.

"ఎందుకు కోస్తివే? దానికోసం ఎన్నేండ్లు కాచుకుంటినో ఎరగవా?"

"పూసిన పువ్వు తలలో పెట్టుకోక, కుండీలోనే ఎండబెడతారా యాడన్నా?"

ఇంకో మాట అనబోయి ఆగాడు. పొద్దుటి నుంచి ఆమె వంగి లేస్తూ ఇల్లంతా తుడిచింది. గుత్తి తలగుడ్డ కింద నలుగుతూనే ఉంది. అయినా ఒక్క రేకు ఊడలేదు. దగ్గరికొచ్చి వేలితో మీటి చూశాడు. కదల్లేదు.

"ఇంకా కోపమేనా?"

"లేదులే. సాయంత్రం దాకా తియ్యొద్దు" అని, నాటడానికి కొమ్మలు కోసేందుకు కత్తి తీసుకుని కుండీ దగ్గరికి నడిచాడు.

కొత్త మొక్క గొప్పేమిటని యజమాని అడిగితే ఇప్పటికీ అతను చెప్పేది ఒకటే: "రోజంతా కొప్పులో పెట్టుకుని పని చేసినా రాలదు."