పురుగుల గది కిటికీ

పొద్దున లేవగానే సారా కిటికీ తలుపులు తీసి, అటు వీపు పెట్టి నిలబడేది. మెడ వెనక చల్లగా తగిలేదాకా కదిలేది కాదు. మదనపల్లె దగ్గర క్షయ ఆస్పత్రి వార్డులో ఇరవై ఏళ్ళు ఆయాగా పనిచేసిన నాటి అలవాటది. క్షయకు మంచి గాలే మందని అక్కడ చలికాలంలోనూ కిటికీలు మూసేవాళ్ళు కాదు. తెల్లవారుజామున మంచు మంచాల మధ్యకు వచ్చి, రోగుల్ని ఒక్కొక్కరినీ చూసి వెళ్తున్నట్టు ఉండేదట.

1978లో ఆ పని మాని, పుంగనూరులో ఒక వరుస ఇంట్లో చివరి గది తీసుకుంది. ఐదు గదులకూ ఒకటే పెంకుల కప్పు. అడ్డుగోడలు కప్పుదాకా లేవు. ఒకరి పోపు అందరి ముక్కుకూ అందేది. పక్కనున్న రెండు గదులూ బయ్యమ్మవి. సారా గోడకు ఆనుకున్న గదిలో వెదురు తట్టల నిండా పట్టుపురుగులు. కొడుకు బస్సు కండక్టరు, ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. నెలలు నిండుతున్న కోడలు పాపక్క పురుగులకు కాపలాగా ఆ గదిలోనే పడుకునేది. పురుగులు ఆకు తినే చప్పుడు గోడ మీదుగా వచ్చి, సారా నిద్రలో సన్నని వానలా కురిసేది.

డిసెంబరులో ఆ చప్పుడు ఆగిపోయింది. పురుగులు చివరిసారి పొర విడిచే నిద్రలోకి వెళ్ళాయి. దాన్ని అక్కడ నాలుగో జ్వరం అంటారు. లేవాల్సిన రోజు దాటినా అవి ఆకు ముట్టలేదు. చలికి లేవలేదనుకుని బయ్యమ్మ తలుపుల్లేని కిటికీకి బయటినుంచి గోనెపట్టా కొట్టి, గోడల మీది సందులు చాపలతో మూసి, గదిలో రెండో బొగ్గుల కుంపటి పెట్టింది.

మర్నాడు పాపక్క గడపలో కూలబడి ఉంది.

"మా అత్తకు నాకన్నా పురుగులే ముద్దు. వాటికి రెండు కుంపట్లు, నాకు చిరుగుల దుప్పటి" అని నవ్వబోయింది.

"తల నొస్తాందా?" అంది సారా.

"నిన్నట్నుంచి. కండ్లు తిరగతాండాయి."

సారా బయ్యమ్మ దగ్గరికి వెళ్ళింది. "అక్కా, ఆ బొగ్గుల గాలి కడుపులో బిడ్డకు కూడా చెడుపే. కిటికీకి ఆ పట్టా తియ్యి."

"చలి తగిల్తే పంట పోతాది. దగ్గుల ఆస్పత్రి నుంచి వచ్చినదానివి, నువ్వు మాత్రం గడప తొక్కొద్దమ్మా!"

పురుగుల గదిలోకి పరాయివాళ్ళు పోకూడదన్నది అక్కడి కట్టు. సారా వెనక్కి వచ్చేసింది.

మరునాడు మంచు దట్టంగా ఉంది. సారా గోడ ఇవతల నుంచి పిలిచింది. పాపక్క పలకలేదు. మళ్ళీ పిలిచింది. తర్వాత ఇంటి వెనక్కి పరిగెత్తి, బయటినుంచే గోనెపట్టా పీకేసింది. మంచు మెల్లగా గదిలోకి జారింది.

"నా పంట నాశనం చేసినావు గదే!" అని అరుస్తూ వచ్చిన బయ్యమ్మ, తట్టల మధ్య పడి ఉన్న కోడల్ని కిటికీలోంచి చూసి లోపలికి ఉరికింది. తనే బయటికి లాక్కొచ్చింది. సారా ఆ తల ఒళ్ళో పెట్టుకుని కొంగుతో విసిరింది. ఎంతసేపో తెలియదు. చివరికి పాపక్క కళ్ళు తెరిచి, "ఆకు ఎయ్యాల" అంది.

"ఆకు యాడికీ పోదులే తల్లీ" అని బయ్యమ్మ ఏడ్చింది.

మంచి గాలి తగిలి, మధ్యాహ్నానికి పురుగులు కదిలి ఆకు ముట్టాయి. చూడమని బయ్యమ్మే సారా చెయ్యి పట్టి గడప దాటించింది. సంక్రాంతి వెళ్ళాక పాపక్కకు ఆడపిల్ల పుట్టింది.

తర్వాత బయ్యమ్మ కొడుక్కి కుప్పం బదిలీ అయితే, వాళ్ళు సారాను కూడా వెంట తీసుకెళ్ళారు. సారా ఇప్పుడు అక్కడే వాళ్ళ ఇంట్లో ఉంటోంది.