రాకెట్ సారు మరగబెట్టమన్న నీళ్ళు

మా సైన్సు సారు పోయారన్న కబురు మహబూబ్‌నగర్‌లో మేం కిరాయికున్న ఇంటి కింది మందుల దుకాణం ఫోనుకు వచ్చింది. చేసింది తమ్ముడు. "అక్కా, సారు పోయిండు. పొద్దుగాల చాయ్ తాగుకుంటనే పోయిండట. పగటి నమాజ్ అయినంక తీస్కపోతరు" అని, ఇంకేదో చెప్పబోయి ఆగిపోయాడు. నేను రెండు బస్సులు మారి ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. చివరి చూపు దక్కలేదు. ఆ ఉక్రోషం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక ఇది రాస్తున్నాను. చదివే మీరు ఓర్చుకోవాలి.

కట్టంగూర్ దాటాక పెద్దరోడ్డు వదిలి లోపలికి పోయే మట్టిబాట మీద ఉంటుంది మా ఊరు. ఊళ్ళో అందరూ ఆయన్ని రాకెట్ సారు అనేవాళ్ళు. అందులో సగం మర్యాద, సగం ఎగతాళి. మన దేశపు మనిషి ఒకాయన రష్యావాళ్ళ నౌకలో అంతరిక్షంలోకి వెళ్ళొచ్చిన ఏడాది, సారు తన ఇంటి అరుగు మీద ఆదివారం పొద్దున ప్రశ్నల బడి మొదలుపెట్టారు. చిన్నాపెద్దా ఎవరైనా రావచ్చు, ఏదైనా అడగవచ్చు. జవాబు ముందే తెలిసి అడిగితే మాత్రం ఆయనకు చిరాకు.

ఉపగ్రహం కింద ఎందుకు పడదని మొదట అడిగింది నేనే. "పడుతనే ఉంటది బిడ్డా" అన్నారు. "పడుకుంటనే పక్కకు ఉరుకుతది. అది కిందికి వచ్చేలోపట గుండ్రటి నేల గూడ వంగిపోతది. గందుకే దానికి నేల దొరకది." నౌక కిందికి దిగేటప్పుడు అంత మంటలో మనిషి ఎట్లా బతుకుతాడని మా అమ్మ అడిగింది. సారు ఎదురు ప్రశ్న వేశారు.

"కట్టెలపొయ్యి మీద పెట్టేముందు గిన్నె అడుక్కు ఏం పూస్తవమ్మా?"

"మన్ను పూస్త సార్."

"గదే. మంట మన్నును తింటది, గిన్నెను ముట్టది. నౌక అడుక్కు గూడ గసొంటి పూతనే. అది కాలి రాలిపోవాలె, లోపటి మనిషి బతకాలె."

అమ్మ ఆ రోజంతా తన గిన్నెల వైపు గర్వంగా చూసుకుంది. సారుకు తెలియని ప్రశ్న వస్తే "తెల్వది" అనేవారు, ఏ మాత్రం సిగ్గుపడకుండా. దాన్ని సుద్దముక్కతో తలుపు లోపలి వైపు రాసుకుని, సెలవు దొరికిన రోజు బస్సెక్కి నల్లగొండ లైబ్రరీకి పోయి వెతికేవారు. వారం రెండు వారాల తర్వాత మనం మరచిపోయిన ప్రశ్నకు ఆయన జవాబు పట్టుకొచ్చేవారు.

అమెరికా షటిల్ గాలిలోనే పేలిపోయినప్పుడు చాలా ఆదివారాలు అదే మాట. చలికి గట్టిపడిన ఒక రబ్బరు చుట్ట వల్ల జరిగిందని, చేతిపంపు వాషర్ చూపించి మరీ చెప్పారు. అది చలికి ఆగదని అక్కడి ఇంజనీర్లు కొందరు మొత్తుకున్నా పైవాళ్ళు వినలేదట. "గిసొంటిది అయినప్పుడు తప్పెవరిదని అడగొద్దు. ముందే ఎవరికి ఎరుక అని అడగాలె" అన్నారు. ఆ మాట తన మీదికే తిరిగొస్తుందని ఆయనకు తెలియదు.

ఎందుకంటే మా ఊరి బడి ముందున్న బోరు సారు వేయించిందే. అంతకు ముందు దిగుడుబావి నీళ్ళే మాకు దిక్కు. ఆ నీళ్ళతో కాళ్ళలో నారికురుపు లేచి, సన్నటి దారంలాంటి పురుగును పుల్లకు చుట్టి లాగుకునేవాళ్ళు. సారు ఆఫీసుల చుట్టూ ఏడాది తిరిగి బోరు సాధించారు. అద్దంలాంటి నీళ్ళు. నారికురుపు మాయమైంది. అంతటితో ఊరుకోకుండా, ఇంటింటికీ తిరిగి, ఇంకా ఏ క్రిమీ ఉండకుండా మరగబెట్టి తాగమని చెప్పారు. ఊరు ఆ మాటను పెద్దగా పట్టించుకోలేదు. మా అమ్మ పట్టించుకుంది. బిందెడు నీళ్ళు ముప్పాతికకు వచ్చేదాకా మరిగించి, చల్లార్చి, మాకు పోసేది. తమ్ముడు అప్పుడప్పుడే పాలు మానిన పిల్లవాడు.

వాడి పళ్ళ మీద గోధుమరంగు చారలు వచ్చాయి. తర్వాత మోకాళ్ళు వంగాయి, చాచుదామన్నా సాగలేదు. నల్లగొండ దవాఖానలో డాక్టరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని, అది పసి ఎముకలనే ముందు పట్టుకుంటుందని అన్నాడు. సారు సీసాలో నీళ్ళు పట్టుకుని పరీక్షకు పోయారు. అక్కడి గుమాస్తా సీసా చూడకుండానే ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళ పాత జాబితా ఒకటి తీసి, మా ఊరి పేరు చూపించాడట. బోరు వేయడానికి ఎన్నో ఏళ్ళ ముందు నుంచే ఆ పేరు అందులో ఉంది. మరగబెడితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదని, నీళ్ళు తగ్గినకొద్దీ చిక్కబడుతుందని కూడా ఆ రోజే తెలిసింది. చెప్పిన మాట విన్న ఇల్లు ఊళ్ళో మాదొక్కటే.

ఆ ఆదివారం అరుగు మీద తమ్ముడు చేయెత్తాడు. "సార్, మరి మన బోరు సంగతి ముందే ఎవరికి ఎరుక?"

"ఆఫీసోళ్ళకు ఎరుకే. నాకు ఎరుక లేదు" అన్నారు. "నేను అడగాలె. అడగలే."

తర్వాత ఆయన నీళ్ళలోని ఫ్లోరైడ్ తీయడానికి బడి వరండాలో ఒక డ్రమ్ము పెట్టారు. పటిక, సున్నం కలిపి, కట్టెతో తిప్పి, తేరుకున్నాక పైనీళ్ళు తీసుకోవాలి. రోజూ ఆయనే తిప్పేవారు. రష్యావాళ్ళు పైన తమ ఊపిరిలోని తేమను పట్టి మళ్ళీ నీళ్ళు చేసుకుంటారని ఆయనే చెప్పారు గనుక మా బాపు అడిగాడు, గంత పైన అయ్యే పని ఈడ ఎందుకు కాదని. "ఆడ ముగ్గురి కోసం ఒక పెద్ద సర్కారు పనిచేస్తది. ఈడ ఊరందరి కోసం నేనొక్కన్నే ఉన్న" అన్నారు సారు. నీళ్ళు వగరుగా ఉన్నాయని జనం మళ్ళీ పంపు దగ్గరికే పోయారు. ఆయన రిటైరయ్యాక కట్టె పట్టేవాళ్ళు లేరు. డ్రమ్ము తుప్పు పట్టింది.

తమ్ముడు అరుగు మీద అడిగిన చివరి ప్రశ్న ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "సార్, బరువుండని జాగల నా కాళ్ళు నొయ్యయా?"

"నొయ్యవు బేటా. ఆడ కాళ్ళతోని పనే ఉండది" అన్నారు. వాడి ముఖం వెలిగింది. అక్కడితో ఆపేసి ఉంటే ఆయన్ని ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. కానీ సారుకు అబద్ధం చేతకాదు. "గని ఆడ నెలలకు నెలలుంటే ఎముకలు గుల్లయితయి. మల్ల కిందికి దిగితే నిలవడలేరు" అన్నారు. తమ్ముడు సరేనన్నట్టు తలూపాడు. ఆ తర్వాత వాడు ప్రశ్నలు అడగడం మానేశాడు. నాకు ఆ రోజు సారు మీద కోపం వచ్చింది. ఇప్పుడు లేదు.

చివరి ఏళ్ళలో అదే జబ్బు ఆయన వెన్నునూ మోకాళ్ళనూ పట్టుకుంది. పిలిస్తే మెడ తిరిగేది కాదు, మనిషంతా తిరిగేవారు. ఆకాశం గురించి అంత చెప్పిన మనిషి దాన్ని చూడాలంటే మంచం మీద పక్కకు ఒరగాల్సి వచ్చేది. కిందటిసారి పోయినప్పుడు నాతో అన్నారు: "నీ తమ్ముడు నా మీద ఒక్కపారి గూడ కోపానికి రాలే. వస్తే బాగుండు." వాడికి ఆ మాట చెప్పాను.

మొన్న నేను బస్సు దిగేసరికి ఆ పంపు దగ్గర ఆడవాళ్ళు ఎప్పటిలాగే బిందెలు నింపుకుంటున్నారు. వేరే నీళ్ళు ఇంకా రాలేదు. వస్తాయని నాకు నమ్మకమూ లేదు. తమ్ముడు కట్టె ఆనించుకుని మా ఇంటి గడపలో కూర్చుని ఉన్నాడు. ఫోనులో ఏం చెప్పబోయావని అడిగాను.

"గుంత తవ్వేటోళ్ళకు కొలత తెల్వలే అక్కా. సారు కాళ్ళు సాపుదామంటే సాగలే. మక్కా దిక్కు మొఖం చేసి కుడి పక్కకు పండవెట్టాలె గద, ఎంత ఎడల్పు తవ్వాలెనో ఎవరికి అంతు పట్టలే."

"మరి ఎట్ల చేసిండ్రు?"

"నేనే ఆడ నేల మీద గట్ల పండుకున్న. నా కాళ్ళు గూడ గట్లనే గద. గడ్డపారతోని నా సుట్టు గీత గీసి, గా గీత ప్రకారం తవ్విండ్రు."

వాడి అంగీ కుడి భుజానికి ఎర్రమన్ను అంటుకుని ఉంది. దులపబోయాను. "ఉండనియ్యి" అన్నాడు.