జీడిచెట్టు కింద సరుగుడాకు పరుపు

మా చిన్నప్పుడు వేసవి సెలవులు చీపురుతో మొదలయ్యేవి...

నరసాపురం దాటి సముద్రం వైపు వెళ్తే మా అమ్మమ్మ వాళ్ళ ఊరు. వరసగా తాటాకు ఇళ్ళు... వాటి వెనకాల సరుగుడు తోట. ఎండలు ముదిరేసరికి తోట నేలంతా రాలిన ఆకే. సూదుల్లా సన్నగా, ఎర్రగా... అడుగేస్తే మెత్తగా దిగేది. నిప్పు తగిలిందా, కిరసనాయిలు పోసినట్టే.

అందుకని తోటకీ ఇళ్ళకీ మధ్య పది అడుగుల మేర శుభ్రంగా ఊడ్చి, ఉత్త ఇసక మాత్రం మిగల్చాలి. ఎవరింటి వెనకది వాళ్ళే ఊడ్చుకోవాలి. ఊడ్చిన ఆకు గోనెసంచుల్లో కుక్కి పొయ్యిలోకి దాచుకునేవాళ్ళు.

నాకు పదేళ్ళప్పుడు అమ్మమ్మకి మోకాళ్ళు పట్టేశాయి. "ఈ ఏడు మన వాటా నీదే అమ్మడూ" అని ఈనెల చీపురు చేతికిచ్చింది.

నేను రాజమండ్రిలో కాన్వెంటు పిల్లని. నోట్లోంచి మాట వచ్చేది కాదు... పుస్తకం దొరికితే చాలు. మా వాటా మధ్యలో ఒక జీడిచెట్టు ఉండేది, కొమ్మలు నేలకి వంగి, లోపల చిన్న గదిలా. ఊడ్చిన ఆకు సంచుల్లోకి ఎత్తకుండా అంతా దాని కిందకి తోసేశాను. ఎంత పరుపయ్యిందో!

పక్కింటి సత్యవతత్త తనిఖీకొచ్చింది. కాలి బొటనవేలితో ఇసకలో గీత గీసి చూసేది... ఒక్క పుల్ల తగిలినా మళ్ళీ ఊడవాల్సిందే. కానీ జీడిచెట్టు కిందకి ఆవిడ వంగలేదు. నేను చెప్పలేదు.

"అంతా ఊడ్చేశావా?" అంది అమ్మమ్మ.

తలూపాను. అబద్ధం నోటితో ఆడలేదు కదా అనుకున్నాను...

నాలుగు రోజులు రాణీలా ఆ పరుపు మీద పడుకుని చదువుకున్నాను.

ఐదో రోజు మధ్యాహ్నం చిటపటమని చప్పుడు. తలెత్తితే తోటలో పొగ... ఎవరో బీడీ పారేసినట్టున్నారు. సముద్రపు గాలికి మంట నేలబారున, తొందరేం లేనట్టు, ఇటే వస్తోంది. మిగతా ఇళ్ళ వెనక ఇసక ఉంది. మా ఇంటికి మాత్రం నా పరుపే దారి.

పరిగెత్తాను. పందిరి కింద అమ్మమ్మా సత్యవతత్తా ఇంకో నలుగురూ లేసు అల్లుకుంటున్నారు. వాళ్ళ ముందుకెళ్ళి... చెయ్యెత్తి నిలబడ్డాను! క్లాసులో అంతే మరి. సిస్టరు పేరు పిలిస్తేనే మాట్లాడాలి.

"ఏంటే, మంచినీళ్ళా?" అంది సత్యవతత్త, సూది మీంచి చూపు తిప్పకుండా.

అప్పుడు అరిచాను. "అమ్మమ్మా! నిప్పు! నేను ఊడవలేదు!"

అంత గొంతు నాకుందని నాకే తెలీదు... లేసు ఎక్కడిదక్కడ పడేసి అందరూ లేచారు. ఒకరు పచ్చి కొబ్బరి మట్ట, ఒకరు తడి గోనె. మోకాళ్ళ నొప్పుల అమ్మమ్మ అందరికంటే ముందు! నేను జీడిచెట్టు కింద దూరి రెండు చేతులా పరుపుని లాగుతూనే ఉన్నాను, వెనక్కి, ఇసక మీదకి, మంటకి దూరంగా... సత్యవతత్త మట్టతో మంటని కొడుతూ నాకూ రెండు తగిలించింది. నేలంతా ఇసక తేలాక మంట అంచు దాకా వచ్చి, చేసేదేం లేక ఆరిపోయింది.

మసి మొహాలతో ఒకరినొకరు చూసుకుని ఒకటే నవ్వులు.

అమ్మమ్మ మాత్రం నవ్వలేదు. ఆకు కుప్పలో చెయ్యి పెట్టి, అంచు కాలిన నా పుస్తకం బయటికి తీసింది.

"ఏమేవ్ సత్యవతీ... సరుగుడు పుస్తకాలు కూడా రాలుస్తుందేంటే?"

నాకు ఏడుపొచ్చేసింది. అమ్మమ్మ నన్ను దగ్గరికి లాక్కుని కొంగుతో మొహం తుడిచింది. తిట్టలేదు. మర్నాడు జీడిచెట్టు కింద ఊడ్పించి, ఆ ఇసక మీద తన పాత చీర పరిచింది.

"ఇక్కడ చదువుకో. గట్టిగా చదువు, మేమూ వింటాం. గొంతు ఉందని తెలిసిపోయిందిగా!"

ఆ వేసవంతా వాళ్ళు లేసు అల్లుతుంటే నేను కథలు చదివాను. నా జీవితంలో నేను పైకి మాట్లాడటం మొదలైంది అక్కడే...

మొన్న వెళ్ళాను. ఇళ్ళన్నీ డాబాలు, అందరికీ గ్యాస్ పొయ్యిలు. సరుగుడాకు ఎవరికీ అక్కర్లేదు... చీలమండ లోతున పడి ఉంది. మనసొప్పక చీపురు తీసుకుని మా వాటా ఊడ్చాను. అమ్మమ్మ ప్లాస్టిక్ కుర్చీలోంచి అరిచింది, "జీడిచెట్టు కింద చూశావా?"

"చూశానే!" అని నేనూ అంతకంటే గట్టిగా అరిచాను.

మా వాటా వరకూ తెల్లగా ఇసక కనిపిస్తోంది... అటూ ఇటూ మాత్రం ఊడ్చేవాళ్ళు లేరు. మీ ఊళ్ళో ఎండలకి ముందు ఇలా అందరూ కలిసి చేసే పని ఏమైనా ఉండేదా? ఉంటే రాయండి... ఇప్పుడు గట్టిగానే చదువుతాను.