పొడుగూ పొట్టీ పత్తిచేను

మా సైన్సు సారు పోయారని ఆదివారం పొద్దున ఎమ్మిగనూరు నుంచి ఫోనొచ్చింది. నాయనకు చెప్పాను. నోట్లోని వేపపుల్ల తీసి పారేసి, "నేనూ వస్తా, పా" అన్నాడు.

బస్సు కిటికీ నిండా పత్తిచేలే. కళ్లు మూతలు పడుతుంటే ఆ ఏటి మా చేను కనబడింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. నందవరం దగ్గర మా ఊళ్లో నాయన కొత్త హైబ్రిడ్ ప్యాకెట్ కొనకుండా, పోయినేటి పత్తి గింజలే దాచి విత్తాడు. ఒక చెట్టు నడుమెత్తు, పక్కది మోకాలెత్తు. ఒకటి ముందే పూసింది, ఇంకొకటి పూయనే లేదు. ఊరంతా నవ్వింది. సిగ్గుతో దున్నేయడానికి నాయన ఎద్దులు కట్టాడు.

సారు సైకిలు దిగి, "దున్నొద్దప్పా, రెండు దినాలు ఉండనీ" అన్నారు. మరునాడు మంచు విడవకముందే క్లాసునంతా చేన్లోకి పిల్చుకొచ్చారు. పొగలాంటి ఆ తెలుపులో పసుప్పచ్చ పూలు తేలుతున్నట్టుండేవి. "హైబ్రిడ్ గింజ మళ్లీ ఏస్తే లోపల కలిసుండే గుణాలు విడిపోతాయి, తాతల పోలికలు బయటపడతాయి. పుస్తకంలో పృథక్కరణ అంటే ఇదే. ఏ చెట్టు ఎప్పుడు పూసిందో ఈయప్ప సెప్తాడు, ఇనండి" అని నాయన్ని చూపించారు.

నాయన గట్టు దిగలేదు. మా ఎస్సీ కాలనీ వాళ్లు ఊరివాళ్ల మధ్య నిలబడింది ఎప్పుడు గనక! ఎక్కడికెళ్లినా నాలుగడుగులు ఎడంగా ఉండటం ఆయనకు అలవాటు. అది చూస్తే నాకు ఒళ్లుమంట. చివరికి సారే చెయ్యి పట్టి లాక్కొచ్చారు.

"ఆదోని మార్కెట్లో పత్తిని రకాలుగా ఏరేది ధర కోసం. మనుషుల్ని ఏరేది దేనికో ఇంతవరకూ నాకెవరూ సెప్పలేదబ్బా" అనేవారు సారు. చెత్తబండి వచ్చినప్పుడు మాత్రం తడీ పొడీ ఒకే బకెట్లో కుమ్మరించేవారు. "పాఠం సెప్పేది ఈయన, ఏరేది నేను!" అని సారు భార్య, అమ్మగారు, దెప్పేవారు.

బస్సు దిగి వెళ్లేసరికి సారు ఇంటి ముందు షామియానా నిండా జనం. నాయన రోడ్డుకు అవతల, కరెంటు స్తంభం పక్కన ఆగిపోయాడు. ఎంత పిలిచినా రాలేదు. ఈ రోజన్నా రావచ్చు కదా అని నాకు ఏడుపొచ్చింది.

అమ్మగారు చూశారు. ఆ దుఃఖంలోనే గట్టిగా పిలిచారు. "ఆడెందుకు నిలబడినావప్పా? మీ సారు మొన్న కూడా నీ చేను మాటే సెప్పినాడు. ఈడికి రా."

నాయన చెప్పులు విడిచి వచ్చాడు. ఎవరో జరిగి చోటిచ్చారు. సారు తల దగ్గర కూర్చున్నాడు. పక్కనున్న ముసలాయన, ఎవరో ఏమో, నాయన భుజం మీద వాలి వెక్కివెక్కి ఏడుస్తుంటే, నాయన మెల్లగా ఆయన వీపు నిమురుతున్నాడు.