పెరటాసి శనివారం, చెల్లెలి మాత్రలు

స్వామి నాకు చాలా ఇచ్చాడు. ఏ రోజూ ఆ మాట మరచి దీపం పెట్టలేదు. కానీ ఆ పెరటాసి శనివారం ఆయన పటం ముందే కోపం ఆపుకోలేకపోయాను.

నగరిలో మా పుట్టిల్లు మగ్గాల ఇల్లు. చిన్నప్పుడు చిన్నాయన నా చెల్లెల్ని చావగొట్టి నూలు గదిలో పెట్టి గొళ్లెం వేసేవాడు. మరమగ్గాల చప్పుడులో దాని ఏడుపు వినబడలేదని అందరూ అంటారు. నాకు వినబడింది. తల వంచుకుని నూలు కండెలు చుట్టుకున్నాను. నా కోపంలో సగం నా మీదే.

పెద్దయ్యాక చెల్లెలికి మనసు జబ్బు చేసింది. చచ్చిపోవాలనిపిస్తోందని డాక్టరమ్మకు తనే చెప్పింది. మాత్రలు పడ్డాక కాస్త తేరుకుంది.

పెరటాసి నెల శనివారాల్లో మేము ఒక్కపొద్దు ఉండి, ఏడుకొండల స్వామికి తళిగ వేస్తాం. ఆకులో అన్నం రాశి పోసి, హారతి అయ్యాకే తింటాం. ఆ రోజు పుత్తూరులోని మా ఇంటి నుంచి నేనూ వెళ్లాను. అమ్మ దగ్గరే ఉండే చెల్లెలి మాత్రలేవని అడిగితే అమ్మ బీరువా చూపించింది.

"ఒక్కపొద్దు నెలలో మందులేందే? స్వామి చూసుకుంటాడులే."

"ఎన్ని దినాలైందమ్మా ఆపి?"

"రెండు వారాలు. బాగానే ఉండాది కదా! నోరెత్తకుండా పని చేసుకుంటా ఉండాది."

నేను బడికి పోలేదు, నాయన ఇంట్లోనే చదువు చెప్పాడు. అయినా బీరువాలోని డాక్టరమ్మ చీటీ చదవగలను. తనను అడగకుండా మందులు ఆపొద్దని రాసుంది. వాకిట్లో ముగ్గేస్తున్న చెల్లెలి పక్కన కూర్చున్నాను.

"చచ్చిపోవాలని మళ్లీ అనిపిస్తా ఉండాదా పాపా?"

"రోజూ అక్కా."

అప్పుడే చిన్నాయన తళిగకు వచ్చాడు. అందరం పటం ముందుకు చేరాం. "ఏం పాపా, ఇంగా అలకేనా? మా కాలంలో ఈ జబ్బులు యాడున్యాయి! రెండు తగిలిస్తే సరిపోయేది," అని నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది.

"తగిలించినావు కదా చిన్నాయనా! తగిలించి, గొళ్లెం పెట్టినావు. దానికే ఇది మందులు మింగతా ఉండేది."

బీరువా తీసి మాత్రలు, చీటీ తీసుకుని, చెల్లెలి చెయ్యి పట్టుకుని బయలుదేరాను.

"హారతి కాకుండా గడప దాటతారా ఏందే! స్వామికి కోపం రాదా?" అంది అమ్మ.

"నాకొచ్చింది. ఆయనకు నేను చెప్పుకుంటాలే."

తిరుపతి బస్సెక్కాం. డాక్టరమ్మ మందులు మళ్లీ మొదలుపెట్టి, దాన్ని ఒంటరిగా వదలొద్దంది. చెల్లెల్ని మా ఇంటికి తెచ్చుకున్నాను. బాగైపోయిందని చెప్పను. నిన్న కూర ఉప్పగా ఉందని నాతో పోట్లాడింది. ఎంత సంతోషమేసిందో!

చిన్నాయన్ని క్షమించమని అమ్మ ఫోన్ చేస్తూనే ఉంది. ఆయన ఒక్కసారైనా క్షమాపణ అడిగాడా అంటే ఫోన్ పెట్టేస్తుంది.